ట్యాంకు కింద తంకా

“తంకా,” అన్నాడు జంపా.

“ట్యాంకా?” అన్నారు నాగేంద్రబాబు గారు, కుర్చీలోంచి సగం లేచి.

కిటికీ అవతల క్యాంపు జనరేటరు నడుస్తోంది. దానివల్ల బల్బుకు వచ్చే వెలుగు తక్కువ, చెవులకు పడే చిల్లులు ఎక్కువ. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకే సగం మాటలు వినబడటం లేదు. కిటికీ పక్కనే కూర్చున్న ఆయనకేం వినబడతాయి?

“తంకా పెయింటింగ్, సాబ్,” అన్నాడు జంపా మళ్ళీ, తన మైసూరు హిందీలో. “నాకు వచ్చు. శుక్రవారం సెలవుల్లో మన కుర్రాళ్ళకి నేర్పిస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు. కాస్త చోటు చూపిస్తే చాలు.”

నాగేంద్రబాబు గారు మా క్యాంపు సూపర్‌వైజరు. అమలాపురం వైపు మనిషి. ఇక్కడ గల్ఫులో, అవాలీ అనే ఊళ్ళో పాత క్వార్టర్ల నీళ్ళ ట్యాంకులన్నిటికీ రంగులు వేసే పని ఆ ఏడాది, అంటే తొంభైమూడులో, మా కంపెనీకి వచ్చింది. పని వచ్చింది గానీ పని వచ్చినవాడే రాలేదు. ఎండాకాలంలోగా పెయింటర్లను తయారుచెయ్యమని మా యజమాని అర్బాబ్ ఫోన్లోనే ఆయన ప్రాణం తీస్తున్నాడు. అలాంటప్పుడు ఒక మనిషి తనంతట తాను వచ్చి ట్యాంకు పెయింటింగు నేర్పిస్తాను, ఊరికే నేర్పిస్తాను అన్నాడు. అన్నాడని ఆయన అనుకున్నారు.

“సిమెంటు షెడ్డు ఖాళీగానే ఉంది, తీసుకో,” అన్నారు. “శుక్రవారాలేంటి, రోజూ డ్యూటీ అయ్యాక నేర్పు. సున్నం, జిగురు, బ్రష్షులు, ఏం కావాలన్నా స్టోరులో నా పేరు చెప్పు.”

జంపాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చేతులు జోడించి, తల వంచి, నాలుక కొస కొంచెం బయటపెట్టాడు. పెద్దల ముందు టిబెట్ వాళ్ళు చూపించే పాతకాలపు మర్యాద అది. ఆ సంగతి తెలియని నాగేంద్రబాబు గారు, అతను వెళ్ళాక నా వైపు తిరిగారు.

“ఏంటయ్యా పేరయ్యా, ఉపకారం చేస్తే వెక్కిరించి పోతున్నాడు?”

పేరయ్య నేనే. మాది తుని. క్యాంపు మెస్సులో వండుతాను. నా వంటకి జిదాఫ్స్ బజారు దాకా పేరుంది. ఎలాంటి పేరో అడక్కుండా తినేవాళ్ళంటే నాకు గౌరవం.

ఇక జంపా. చలికాలం మన ఊళ్ళలో రోడ్డు పక్కన తాళ్ళు కట్టి స్వెట్టర్లు అమ్ముతారే, ఆ టిబెట్ వాళ్ళ మనిషి. మైసూరు దగ్గర వాళ్ళకో కాలనీ ఉంది, అక్కణ్ణుంచి వచ్చాడు. మా కంపెనీలో సైన్‌బోర్డులు రాస్తాడు. యాభై దాటాయి. గల్ఫులో జంప్ అంటే కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర్నుంచి చెప్పకుండా పారిపోవడం. అందుకని “జంపా ఎక్కడ?” అని ఎవరైనా గట్టిగా అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచేవాడు.

ఆ సాయంత్రమే నాగేంద్రబాబు గారు మెస్సులో ప్రకటించారు. ట్యాంకు పెయింటింగు నేర్చుకునేవాళ్ళు శుక్రవారం పొద్దున సిమెంటు షెడ్డుకి రావాలి, నేర్చినవాళ్ళకి అవాలీలో డ్యూటీ. గోతులు తవ్వే కుర్రాళ్ళందరూ చేతులెత్తారు. భూమ్మీద ఉన్నవాడు భూమిలోకి దిగి తవ్వే బదులు నిచ్చెనెక్కి గాలిలో రంగు పూసుకోవచ్చంటే ఎవరికి చేదు?

శుక్రవారం నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి షెడ్డు కిటకిటలాడుతోంది. జంపా చంకలోంచి జంపఖానాలా చుట్టిన బట్ట ఒకటి తీసి గోడకు వేలాడదీసి విప్పాడు.

లోపల బుద్ధుడున్నాడు. తామరపువ్వు మీద కూర్చున్నాడు. వెనక పచ్చటి కొండలు, పొగలా సుడులు తిరిగిన మబ్బులు, వస్త్రం మడతల్లో వెంట్రుకంత బంగారు గీతలు. అన్నీ ఉన్నాయి. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు. చూస్తే ఎవరో పిలిచి, మనం పలికేలోగా మొహం తిప్పుకున్నట్టుంది.

కుర్రాళ్ళు బొమ్మనీ, షెడ్డు నాలుగు మూలల్నీ చూశారు.

“ట్యాంకేదన్నా?” అన్నాడు వెనకనుంచి ఒకడు.

“గిదేందో నాకెర్కే,” అన్నాడు ముత్యం. సిరిసిల్ల వైపు మనిషి, క్యాంపులో వయసులో అందరికన్నా పెద్దవాడు, ఏ సంగతైనా తనకు ముందే తెలుసంటాడు. “ట్యాంక్‌బండ్ బుద్ధుడు. మొన్న హుస్సేన్‌సాగర్ల మునిగిండు, మల్ల లేపి నిలబెట్టిన్రు గదా. గాయినే. మన కంపెనీ బొమ్మ గీయిస్తున్నట్టున్నది.”

“ఆయన నిలబడ్డాడు కదా మావా, ఈయన కూర్చున్నాడు,” అన్నాడొకడు.

“గన్ని దినాలు నీళ్ళల్ల ఉంటే కూసోడా?”

టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి షెడ్డు కూడా సగం ఖాళీ అయింది. మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు. ఒకడు ముత్యం. తన మాట నిజమో కాదో తేలేదాకా కదలడు. రెండోవాడు అతని ఊరివాడే, భూమేష్. ఇంటిదగ్గర మగ్గం నేసినవాడు, ఇక్కడ గోతులు తవ్వుతున్నాడు. నాగేంద్రబాబు గారు మాత్రం పొద్దున్న కిటికీలోంచి తొంగి చూసి, నిండిన షెడ్డు నిండినట్టే అర్బాబ్‌కి ఫోన్‌లో చెప్పేశారు.

ఆ రాత్రి వంటకి నేను ఉల్లిపాయలు తరుగుతుంటే జంపా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏడిస్తే ఉల్లిపాయల మీదకి తోసెయ్యొచ్చని కాబోలు.

“ఆ బట్ట నాది కాదు పేరయ్యా,” అన్నాడు. “మా మేనమామది. నాకు గురువు కూడా ఆయనే. కళ్ళు తప్ప అన్నీ వేశాడు, పోయాడు. తంకా అంటే దేవుడి బొమ్మ వేసిన బట్ట. కళ్ళు ఎప్పుడూ చివర్న తెరవాలి. తెరిచేదాకా అది ఉత్త బట్టే.”

“నువ్వు తెరవచ్చు కదా.”

కుడిచెయ్యి నా కళ్ళముందు పెట్టాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డప్పటినుంచీ అంతేనట. “బోర్డు మీద అక్షరం ఇంతింత ఉంటుంది, వణుకు అందులో కలిసిపోతుంది. కంట్లో కలవదు. జూన్ ఆఖరుకి నా వీసా అయిపోతుంది, వెళ్ళిపోతాను. మా కాలనీలో కుర్రాళ్ళు స్వెట్టర్లకి పోతున్నారు. నా దగ్గర కూర్చునేవాడు ఒక్కడు లేడు. ఇక్కడ ఒక్కడికైనా చెయ్యి తిరిగితే, ఆ కళ్ళు వాడు తెరిస్తే, మా మామ దగ్గర్నుంచి వచ్చింది నా దగ్గర ఆగిపోదు.”

కాస్త ఆగి నవ్వాడు. “ఈ కంపెనీ చూడు. ఎవరూ అడగని పనికి షెడ్డిచ్చింది, సున్నం ఇచ్చింది. రోజూ పొద్దున్నే అర్బాబ్ పేరు మీద ఒక దీపం పెడుతున్నాను.”

నా కత్తి ఆగిపోయింది. అయ్యా, కంపెనీ ఇచ్చింది తంకాకి కాదు, ట్యాంకుకి అని చెప్పాలి. చెబితే ఈయన మొహం ఏమవుతుందో ఎదురుగా కనిపిస్తోంది. చెప్పకపోతే మాత్రం? ఏదో ఒక రోజు నాగేంద్రబాబు గారు షెడ్డులోకి వచ్చి ట్యాంకు ఏదని అడుగుతారు. ఆ రోజుతో షెడ్డు పోతుంది, పాఠం పోతుంది, ఆ బుద్ధుడు గుడ్డి బుద్ధుడిగానే మైసూరు బస్సెక్కుతాడు. ఉల్లిపాయలు తరిగాను. నాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి, అవి మాత్రం అచ్చంగా ఉల్లిపాయలవే.

పాఠం మొదలైంది. బొమ్మ వేయడం కాదు, ముందు గళ్ళు వేయడం. నిలువు గీతలు, అడ్డ గీతలు, వాటి మీద తల, ఆ తలలో మొహం, ఆ మొహంలో కళ్ళు. ఏ గీత ఎక్కడుండాలో పెద్దవాళ్ళు ఎప్పుడో నిర్ణయించేశారు. గోరంత జరిపినా దేవుడు దేవుడు కాడు. కాగితం లేదు కాబట్టి ఖాళీ సిమెంటు సంచులు చింపి, లోపలి పొరల మీద గీసేవాళ్ళు.

“పడుగు, పేక,” అన్నాడు భూమేష్ మొదటిసారి గళ్ళు చూసి. “గంతే గదా ఉస్తాద్.”

జంపాకి పడుగూ తెలియదు, పేకా తెలియదు. నేను మధ్యలో నిలబడి, పడుగు అంటే నిలువు దారం, పేక అంటే అడ్డ దారం, మేం ఆడుకునే పేక వేరే అని హిందీలో చెప్పేసరికి టీ చల్లారిపోయింది. నేర్చుకోవడానికి తెచ్చిన కొత్త బట్టకి జిగురూ సున్నం పట్టించి రాయితో రుద్దుతుంటే భూమేష్ నూలుకు గంజి పెట్టినట్టే ఉందన్నాడు. ఆ మాటలన్నీ విని జంపా మెచ్చుకుంటాడనుకున్నాను. భూమేష్ కళ్ళు గీసిన సంచి కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. రెండుగా చింపాడు.

“ఫిర్ సే,” అన్నాడు. మళ్ళీ అని.

ఆ నెలల్లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట అదే. కుంచె కొస పెదాలతో తడిపి సూది చెయ్యాలి, ఊపిరి బిగబట్టి గీత లాగాలి, గీత మధ్యలో ఊపిరి వదిలితే, ఫిర్ సే. ముత్యం రెండు వారాల్లో కుంచె పక్కనపెట్టి రంగు నూరే పనికి మారిపోయాడు. “కుంచె కొంచెంగ పట్టుకొమ్మంటడు, కొంచెం పట్టుకున్న గూడ గట్టిగ పట్టినవంటడు. నాతోని కాదే,” అన్నాడు. అలా మిగిలింది భూమేష్ ఒక్కడే.

ఓ సాయంత్రం నాగేంద్రబాబు గారు తలుపు దగ్గరికి వచ్చేశారు. లోపల బట్టకి సున్నం పూస్తున్నారు. నేను గబగబా టీ పళ్ళెం ఆయనకి అడ్డం పెట్టాను.

“ఏంటి, ఇంకా ప్రైమరేనా?”

“ప్రైమరే ప్రైమరీ కదండి. అది గట్టిగా ఉంటే పైది నిలబడుద్ది.”

“నిలబడాలి మరి. ఇదిగో, ప్రాక్టీసుకి కొత్త ట్యాంకొకటి పంపిస్తున్నా. చిన్నదే, రేకుది. దాని మీద చేయమను.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. “జూన్ మొదటి శుక్రవారం అర్బాబ్ వస్తున్నారు. అవాలీ ఇంజనీరుని వెంటబెట్టుకుని. ఆయన ముందు మనవాళ్ళు పని చేసి చూపించాలి. జుమ్మా నమాజు అయ్యాక. జంపాకి చెప్పు.”

చెప్పాను. జూన్ మొదటి శుక్రవారం నమాజు తర్వాత అర్బాబ్ వస్తున్నాడని మాత్రమే చెప్పాను. జంపా క్యాలెండరు వైపు చూసి లేచి నిలబడిపోయాడు.

“పౌర్ణమి,” అన్నాడు. “మాకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పౌర్ణమి. కళ్ళు తెరవడానికి నేను పెట్టుకున్న రోజు అదే. అర్బాబ్ అదే రోజు వస్తానన్నాడా?”

మొహం అంతా వెలిగిపోతోంది. కంపెనీ పంపిన రేకు ట్యాంకు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అప్పటినుంచీ ఆ ట్యాంకు అతనికి పీట. కంపెనీ పీట కూడా పంపిందని దీపంలో ఇంకో చుక్క నెయ్యి వేశాడు. నెయ్యి నా మెస్సుది.

ఆ రాత్రి భూమేష్‌ని కుళాయి దగ్గర పట్టుకున్నాను.

“ఒరే తమ్ముడూ, ఒక సంగతి చెప్పాలి. కంపెనీవాళ్ళు మీరు ట్యాంకు పెయింటింగు నేర్చుకుంటున్నారనుకుంటున్నారు.”

“మొదటి దినమే ఎర్కైందన్నా,” అన్నాడు చేతులు కడుక్కుంటూ. గోతి మట్టి పోయినా గోళ్ళ కింద నీలిరంగు పోలేదు.

“మరి ఎందుకు చెప్పలా?”

“చెప్తే షెడ్డు పోతది గదనే. నువ్వెందుకు చెప్పలే?”

నేనూ కుళాయి కింద చేతులు కడుక్కున్నాను. అతను కుళాయి కట్టేసి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“అవాలీ డ్యూటీ కోసమే వచ్చిన నేను. అబద్ధమెందుకు. గా గుంతలకెళ్ళి బయటపడితే చాలనుకున్న. కని ఉస్తాద్ దగ్గర రోజు మూడు కండ్లు గీస్తున్న, మూడు చింపుతున్నడు. నాలుగోది చింపకుండ చూడాలని ఉంటది. గంతే.” వెళ్తూ ఆగాడు. “ముత్యన్నకు మాత్రం చెప్పకు. ట్యాంక్‌బండ్ బొమ్మ అని ఇంటికి ఉత్తరం గూడ రాసిండు.”

శుక్రవారం వచ్చింది.

పొద్దున్నే ఎండ షెడ్డు రేకుల మీద కూర్చుంది. జంపా ఉతికిన చొక్కా వేసుకుని దీపం వెలిగించాడు. ఫ్యాను ఆపించాడు, గాలికి దుమ్ము లేస్తుందని. చట్రానికి బిగించిన బుద్ధుణ్ణి కిటికీ వెలుతురుకి తిప్పాడు. ముత్యం తడిగుడ్డ పట్టుకుని భూమేష్ పక్కన నిలబడ్డాడు, నుదుటిమీంచి చెమట బొట్టు బట్ట మీద పడకుండా.

“రెండు కళ్ళూ ఒకే విడతలో వెయ్యాలి,” అన్నాడు జంపా. “మధ్యలో లేవకూడదు. ఒకటి వేసి ఆగితే రంగు బిగిసిపోతుంది, చెయ్యి మారిపోతుంది. అప్పుడు రెండో కన్ను వేరే వైపు చూస్తుంది. దాన్ని ఇక దిద్దలేం. ఎవరూ లోపలికి రాకూడదు. అర్బాబ్ వచ్చేది నమాజు తర్వాత కదా?”

“తర్వాతే,” అన్నాను.

తర్వాతే కదా అని నాకు నేను కూడా చెప్పుకున్నాను. కళ్ళు తెరవడం అయిపోతే అయిపోయినట్టే. ఆ తర్వాత ఆయన చూసుకోనీ, అరుచుకోనీ, షెడ్డు లాక్కోనీ. తెరిచిన కన్ను ఎవరూ మూయలేరు.

భూమేష్ ఊపిరి బిగబట్టి మొదటి గీత లాగాడు. పై రెప్ప. ఊపిరి వదిలాడు. కుంచె పెదాలమధ్య తిప్పాడు. కింది రెప్ప. ఎవరూ కదలడం లేదు. జంపా తన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ట్యాంకు మీద కూర్చున్నాడు. అతని పెదాలు మాత్రం భూమేష్ ఊపిరితో పాటు తెరుచుకుని మూసుకుంటున్నాయి. షెడ్డు పెనంలా కాలుతోంది. ఎంతసేపో అలాగే గడిచింది. చివరికి ఎడమకంట్లో నల్లగుడ్డు కూర్చుంది.

ఒక్క కన్నుతో బుద్ధుడు మమ్మల్ని చూశాడు.

అప్పుడే బయట కారు ఆగిన చప్పుడైంది. ఒకటి కాదు, రెండు.

నేను తలుపు సందులోంచి బయటికి దూరి, వెనకనుంచి దాన్ని మూసి, వీపు ఆనించి నిలబడ్డాను. నాగేంద్రబాబు గారు పరుగులాంటి నడకతో వస్తున్నారు. వెనకాల తెల్లటి పొడుగు తోబు అంగీలో అర్బాబ్. ఆయన వెనక హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఇంజనీరు.

“తలుపు తియ్యి పేరయ్యా. నమాజుకి పోతూ పోతూ ఒక్క చూపు చూసి పోతారంట. ఇంజనీరు గారికి మధ్యాహ్నం కుదరదు.”

“ఇప్పుడు తీయకూడదండి. లోపల తడి ఉందండి.”

“తడి చూడ్డానికే వచ్చారు. ఆరాక ఎవడైనా చూస్తాడు.”

“గాలి తగిలితే పాడైపోద్దండి. ఒక కన్ను అయిందండి, రెండో కన్ను అవుతోందండి.”

నోట్లోంచి జారిపోయింది. నాగేంద్రబాబు గారు ఆగిపోయారు.

“ట్యాంకుకి కన్నేంటయ్యా?”

“కన్నమండి,” అన్నాను. ఇన్నేళ్ళుగా మాటలతో ఆడుకున్నందుకు ఆ రోజు మాటలు నాతో ఆడుకున్నాయి.

“కన్నమా? ట్యాంకుకి కన్నం పెట్టారా?”

“పెట్టలేదండి. పూడుస్తున్నారండి.”

“ఒకటి పూడ్చారు, రెండోది పూడుస్తున్నారు. నేను పంపింది కొత్త ట్యాంకు. దానికి రెండు కన్నాలెలా పడ్డాయి?”

“క్యా హై?” అన్నాడు అర్బాబ్.

“కుచ్ నహీ, అర్బాబ్,” అన్నారు నాగేంద్రబాబు గారు నవ్వుతూ, నా వైపు తిరిగి నవ్వకుండా, “తప్పుకో,” అన్నారు. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. అర్బాబ్ తలుపు రేకు దగ్గర చెవి పెట్టాడు. లోపల చీమ చిటుక్కుమనలేదు.

“లోపల ఎవరూ లేరా?” అన్నారు నాగేంద్రబాబు గారు.

“ఉన్నారండి. ఊపిరి బిగబట్టుకున్నారండి.”

“ఎందుకు?”

“పెయింటు వాసనండి.”

నాగేంద్రబాబు గారు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి లాగారు. నేను లావుగా ఉండటం ఆ రోజు తప్ప ఎప్పుడూ పనికిరాలేదు. ఆయన లాగుతున్నారు, నేను జారుతున్నాను, రేకు తలుపు గడగడమంది. ఆ కుదుపు లోపల చట్రానికి తగలకుండా మడమలు నేలకి తన్నిపెట్టాను.

“రుకో,” అంది లోపల్నుంచి జంపా గొంతు. గట్టిగా కూడా అనలేదు.

అర్బాబ్ కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన షెడ్డు ముందు ఆయన్నే ఆగమన్నవాడెవడో తెలుసుకోవడానికి తనే తలుపు మీద చెయ్యి వేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

సరిగ్గా అప్పుడు జిదాఫ్స్ మసీదు నుంచి అజాన్ మొదలైంది.

అర్బాబ్ చెయ్యి తలుపు మీదనుంచి దించాడు. తల కొంచెం వంచి, పెదాలు కదుపుతూ, నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆయన కదలకపోతే నాగేంద్రబాబు గారు కదల్లేరు. ఇంజనీరు గడియారం ఉన్న చెయ్యి కిందకి వేలాడేశాడు. ఎండలో అందరం అలాగే నిలబడ్డాం. నా వీపుకి తలుపు రేకు కాలుతోంది. వెనక, రేకుకి అవతల, ఊపిరి ఒకటి బిగిసి, చాలాసేపు బిగిసే ఉండి, మెల్లగా వదులుకున్నట్టు వినబడింది. నిజంగా వినబడిందో, వినబడాలనుకున్నానో.

అజాన్ అయిపోయింది. అర్బాబ్ తల ఎత్తేలోగా తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. ముత్యం, చేతిలో పిండని తడిగుడ్డతో.

“అయిందే,” అన్నాడు.

అందరూ లోపలికి వచ్చారు. రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. రెండూ ఒకే చోటుకి చూస్తున్నాయి. ఎక్కడ నిలబడ్డవాడికి అక్కడికే చూస్తున్నట్టుంది. భూమేష్ నేల మీద గోడకి జారబడి ఉన్నాడు, కుంచె ఇంకా పెదాల మధ్యే ఉంది, తీయడం మర్చిపోయాడు. జంపా లేచి, చేతులు జోడించి, అర్బాబ్ ముందు తల వంచి నాలుక కొస బయటపెట్టాడు.

“ట్యాంకేదయ్యా?” అన్నారు నాగేంద్రబాబు గారు.

“జంపా ఇప్పటిదాకా కూర్చున్నది అదేనండి,” అన్నాను.

ఆయన బోర్లించిన ట్యాంకు వైపు చూశారు. దాని మీద ఒక్క చుక్క రంగు లేదు, ఒక్క కన్నమూ లేదు.

“గిది ట్యాంక్‌బండ్ బుద్ధుడు సార్,” అన్నాడు ముత్యం, సాయం చేద్దామని. “మీరు గీయమన్నదే.”

“నేనెప్పుడు గీయమన్నానయ్యా?”

“ముత్యన్నా, గిది ట్యాంక్‌బండ్ కాదే,” అన్నాడు భూమేష్ కుంచె తీసి. “దీన్ని తంకా అంటరు. ట్యాంకు కాదు. తం. కా.”

ముత్యం బొమ్మ వైపూ భూమేష్ వైపూ చూశాడు. “మరి నేను ఉత్తరం రాస్తి గదరా,” అన్నాడు నెమ్మదిగా.

నాగేంద్రబాబు గారు ఏ మాట అర్బాబ్‌కి చెప్పాలో వెతుక్కుంటున్నారు. నేను ముందుకొచ్చి హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. జంపా అడిగింది ఇది, జనరేటరు హోరులో వినబడింది అది, షెడ్డు వచ్చింది దానికి, వాడింది దీనికి. చెబుతుంటే అర్బాబ్ మొహం చూడలేదు, జంపా మొహం చూశాను. “పానీ కా ట్యాంక్?” అన్నాడతను. వెనక్కి తిరిగి తన పీటను చూసుకున్నాడు. “అయితే షెడ్డు దీనికి కాదా? ఇన్నాళ్ళూ?”

“కాదు,” అన్నాను.

అతను మళ్ళీ కూర్చోలేదు.

అర్బాబ్ బొమ్మకి దగ్గరగా వెళ్ళలేదు. దేవుడి బొమ్మలు ఆయన పద్ధతి కాదు. దూరం నుంచే ఓసారి చూసి, చూపు తిప్పి, ఎవరు వేశారని అడిగాడు. జంపా భూమేష్‌ని చూపించాడు. ఈ మనిషి నా గోతులు తవ్వేవాడు కదా అన్నాడు అర్బాబ్. అవును అన్నారు నాగేంద్రబాబు గారు, గోతిలోంచి మాట్లాడినట్టు.

“ట్యాంకులకి బయటివాళ్ళని తీసుకో,” అన్నాడాయన. “షెడ్డు సాయంత్రానికి ఖాళీ కావాలి. సిమెంటు వస్తోంది. ఖలాస్.”

“అర్బాబ్,” అన్నాడు జంపా. “రోజూ మీ పేరు మీద దీపం పెట్టాను.”

అర్బాబ్ గుమ్మంలో ఆగాడు. మేం ఇంకో మాట పడుతుందనుకున్నాం.

“అది మాత్రం ఆపొద్దు,” అని నమాజుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి షెడ్డులో సిమెంటు బస్తాలు పడ్డాయి. మెస్సులో అన్నం ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కరూ తినడం లేదు. తలా ఒక కథ చెబుతున్నారు. ట్యాంకుకి కన్నాలు పెట్టినందుకు జంపాని పంపించేస్తున్నారని ఒకడు. బుద్ధుడు ట్యాంకులో దొరికాడని ఇంకొకడు. నేను గరిటె పట్టుకుని బెంచీ ఎక్కాను.

“ఇటు వినండి. జంపా అన్నది త. మన బాబుగారు విన్నది ట. త అంటే తంకా, వాళ్ళ దేవుడి బొమ్మ, నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతున్నారని ఆయన మనకి నేర్పుతానన్నాడు. ట అంటే ట్యాంకు, అది మనందరికీ కావాల్సింది. త ఎవరికీ వినబడలేదు, వినబడినవాడు భూమేష్ ఒక్కడే. ఆ కళ్ళు వాడే తెరిచాడు. కన్నాలు ఎవరూ పెట్టలేదు, అది నా నోటి కన్నం. అర్థమైందా?”

“అయితే అవాలీ డ్యూటీ లేనట్టేనా?” అన్నాడొకడు.

“లేనట్టే. రేపు యథాప్రకారం గొయ్యి. తినండి.”

తినడం మొదలుపెట్టారు. భూమేష్ పళ్ళెం పట్టుకుని జంపా పక్కన కూర్చున్నాడు. జంపా భూమేష్ చెయ్యి పట్టుకుని, వేళ్ళు తిప్పి తిప్పి చూశాడు.

“కళ్ళు వచ్చాయి నీకు. చేతులు రాలేదు. దేవుడి చేతులు కళ్ళకన్నా కష్టం. నేను వెళ్ళేలోగా నేర్చుకోవాలి.”

“ఎక్కడ ఉస్తాద్? షెడ్డు పాయె గదా.”

“మన క్యాంపు మేడ మీద నీళ్ళ ట్యాంకు లేదారా,” అన్నాడు ముత్యం, పప్పు కలుపుతూ. “నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన్రు గదా. దాని కింద మస్తు నీడ. గాలి గూడ వస్తది. నేను రంగు నూర్త. ట్యాంక్‌బండ్ కాకుంటే మాయె.”

నాగేంద్రబాబు గారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ మాటలు విన్నారు. ఆయన వచ్చి జంపా ఎదురుగా కూర్చున్నారు.

“తంకా,” అన్నారు, పళ్ళ మధ్య మాట సరిచూసుకుంటున్నట్టు. “త. అంతేనా?”

“త, సాబ్.”

“నేర్పేది ఎక్కడ?”

“ట్యాంక్ కే నీచే,” అన్నాడు జంపా.

ఆయన తల ఎత్తి పైకి, మేడ వైపు చూశారు.

“అయితే నేను అర్బాబ్‌కి చెప్పినదాంట్లో సగం నిజమేనన్నమాట,” అని, నా వైపు పళ్ళెం చాపారు.